చుక్క పెట్టిన నట్టు

బస్సు డిపోలో ముప్ఫై ఒక్క ఏళ్లు మెకానిక్కుగా చేసిన మనిషికి ఒక పేరంటూ లేకుండా ఉండదు. జీతం కాగితం మీద ఉండే ఉంటుంది. దాన్ని పెట్టి పిలిచినవాళ్లే లేరు. డ్రైవర్ల దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఆయన చుక్కాయనే. ఉత్తరం తెచ్చిన పోస్టుమాన్ కూడా "చుక్కాయన గారిల్లు ఇదేనా?" అని అడిగేసి, తర్వాత నాలిక కరుచుకునేవాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. చక్రం నట్టు గానీ స్టీరింగు నట్టు గానీ బిగించాక ఆయన దాన్ని గుడ్డతో తుడిచేవాడు. తుడిచి, పానా పెట్టి ఇంకోసారి లాగి చూసేవాడు. అప్పుడు జేబులోంచి చిన్న కుంచె తీసి, సగం నట్టు మీదా సగం పక్కనున్న ఇనుము మీదా పడేలా తెల్ల రంగు చుక్క పెట్టేవాడు. నట్టు వెంట్రుకవాసి తిరిగినా చుక్క రెండు ముక్కలవుతుంది, చూసినవాడికి ఇట్టే తెలిసిపోతుంది. ఈ పని డిపోలో ఇంకా నలుగురు చేసేవాళ్లు. కానీ కొండ దారి డ్యూటీ పడ్డ డ్రైవరు బండి ఎక్కేముందు అడిగే మాట ఒకటే: "చుక్కాయన పెట్టాడా?" పెట్టాడంటే ఇక వంగి చూడక్కర్లేదు, టీ తాగి బయల్దేరవచ్చు.

చుక్క ఎప్పుడూ ఆఖరున. ఆయనకున్న చట్టం అదొక్కటే. కొత్తగా చేరిన మెకానిక్కు ఒకతను పని తొందరగా తెమిలిపోతుందని, వేళ్లతో తిప్పి వదిలేసిన నట్లకు వరసగా చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. చుక్కాయన వెళ్లి అతని చేతిలోని కుంచె లాక్కుని మురిక్కాలవలో పారేశాడు. "చుక్కంటే సంతకంరా. చెయ్యని పనికి సంతకం పెడతావా?" అని నలుగురిలో కడిగేశాడు. ఆ తర్వాత వారం రోజులు అతనితో మాట్లాడలేదు. కోపం వస్తే నోరు కట్టేసుకోవడం ఆయన జబ్బు. భయం వేసినా అంతేనని ఇంట్లోవాళ్లకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రిటైరైన నెలకే ఇటుకబట్టీ వెనక పడి ఉన్న పాత జీపు ఒకదాన్ని ట్రాక్టరుకు కట్టి ఇంటికి ఈడ్చుకొచ్చాడు. నలభై ఏళ్ల నాటి బండి. వెనక సీటు కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికే ఉన్నట్టుండేది. బానెట్టు ఎత్తితే ఇంజను మీద మట్టి, మట్టి మీద చీమలు. ఒక కోడి మాత్రం సీటు వదలనంటే వదలనని బండితోపాటే పెరట్లోకి వచ్చింది. ఆయన భార్య కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"కోడిని ఉంచుకుందాం. బండిని వెనక్కి పంపించేయండి," అంది.

కోడి వారంలో ఎటో పోయింది. బండి ఉండిపోయింది. అప్పట్నుంచి ఆవిడ దాన్ని సవతి అనే పిలిచింది. "నా సవతికి స్నానమైందా? ఇకనైనా భోజనానికి వస్తారా?" అని పెరటి గుమ్మంలోంచి కేకేసేది.

పెరట్లో రేకుల షెడ్డు వేశాడు. గోడకు మేకులు కొట్టి, పానాలను చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరసగా తగిలించాడు. ప్రతి పానా చుట్టూ బొగ్గుతో దాని ఆకారం గీశాడు. ఏదైనా తీసి మళ్లీ పెట్టకపోతే గోడ మీద ఖాళీ బొమ్మ కనిపిస్తుంది. బాడీని ఛాసిస్ మీంచి లేపి ఇటుకల దొంతుల మీద నిలబెట్టాడు. తీగ బ్రష్షుతో తుప్పు గీకీ గీకీ భుజం పట్టేసింది. అదురు ఆపే కమాను కట్టలు విప్పి ఒక్కో పట్టీకీ గ్రీజు పట్టించాడు. దొరకని సామాన్లను లేతు షాపులో దగ్గర కూర్చుని చేయించుకున్నాడు. తెల్ల రంగు డబ్బా ఎండిపోయిన రోజున కిటికీలో ఉన్న భార్య గోళ్ల రంగు సీసా కంటపడింది. మూతకే కుంచె ఉంది, జేబులో పడుతుంది, తొందరగా ఆరుతుంది. ఇంకేం కావాలి? అప్పట్నుంచి జీపు నిండా ఎర్ర చుక్కలే.

"ఈ ఇంట్లో నా గోళ్లకంటే నా సవతి నట్లకే సింగారం ఎక్కువైంది," అని సణుగుతూనే ఆవిడ ఇంకో సీసా తెచ్చి షెడ్డు కిటికీలో పెట్టింది.

మూడేళ్లకు బండి లేచింది. కూతురు డ్రైవింగు నేర్చుకున్నది దాని మీదే. ఆ పిల్ల ఆసుపత్రిలో నర్సు. కొండ మీది పల్లెలకు వెళ్లి పసిపిల్లల నోట్లో టీకా మందు వేసి, వేసినట్టు గుర్తుగా చిటికెన వేలి గోరు మీద నీలం మార్కరుతో గీత గీయడం ఆమె పని. "ముందు మందు మింగాలి, తర్వాతే గీత. మా నాన్న చట్టం," అని తోటివాళ్లకు చెప్పేది. అది విన్న రోజున ఆయన ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది.

ఆ ఉబ్బిన ఛాతీలో భయం దూరింది ఐదు నెలల కిందట. ఒక మధ్యాహ్నం వెనక చక్రం దగ్గర గ్రీజు తుడుస్తుంటే, బ్రేకు ప్లేటు నట్టు ఒకటి ఆయన వేలికి తగిలి తిరిగింది. పానా అక్కర్లేకుండా, వేలితోనే. దాని మీద ఎర్ర చుక్క ఉంది. వేలు తగిలేదాకా ఆ చుక్క చెక్కు చెదరకుండానే ఉంది. ఇప్పుడు ఆయన కళ్లముందే రెండు ముక్కలైంది.

చాలాసేపు అక్కడే గొంతుక్కూర్చున్నాడు. బండి అదురుకు నట్టు వదులైందేమో అనుకోవడానికి లేదు. అదురుకు వదులైతే చుక్క ముందే విరిగి ఉండేది. షెడ్డు తలుపు తాళం ఆయన దగ్గరే ఉంటుంది, ఇంకెవరూ చెయ్యి పెట్టలేదు. ఇక మిగిలింది ఒకటే. నట్టు బిగించకుండానే చుక్క పెట్టాడు. పెట్టినట్టు గుర్తు కూడా లేదు. ఏ పనికైతే ఆ కొత్త మెకానిక్కును నలుగురిలో కడిగేశాడో ఆ పని తానే చేశాడు.

నట్టు బిగించి, తుడిచి, కొత్త చుక్క పెట్టి ఇంట్లోకి వచ్చాడు. "ఏమైందండీ, మొహం అలా ఉంది?" అంది భార్య. "ఎండ," అన్నాడు.

చెప్పాల్సింది. ఆ ఒక్క రోజు చెప్పి ఉంటే ఇంత కథ లేదు. కానీ చెబితే ఏమవుతుందో ఆయనకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఎంతో ప్రేమగా చేతిలోంచి పానా తీసేసుకుంటారు. వరండాలో కుర్చీ వేస్తారు. "నువ్వు కూర్చో నాన్నా, మెకానిక్కును పిలుద్దాం," అంటారు. ఇక ఆ కుర్చీలో కూర్చునే మనిషిని ఏమని పిలవాలి? చుక్కాయన అనడానికి లేదు కదా.

అందుకని నోరు కట్టేసుకున్నాడు. ఇక చూడండి ఆయన అవస్థ. పొద్దున్నే వెళ్లి నట్లన్నీ పానాతో లాగి చూసేవాడు. సాయంత్రానికి, చూసింది ఈ రోజా నిన్నా అని అనుమానం వచ్చేది. చిన్న పుస్తకంలో "ముందు ఎడమ, చూశాను" అని రాసుకునేవాడు. మర్నాడు ఆ రాత తనదే అయినా రాసిన గుర్తు ఉండేది కాదు. గోడ మీద పదమూడో నంబరు పానా బొమ్మ ఖాళీగా కనిపించింది ఒక రోజు. ఆ పానా భార్య దారపు ఉండల డబ్బాలో దొరికింది. ఆవిడ నవ్వింది. ఆయనా నవ్వాడు గానీ, మిగతా పానాలన్నీ లెక్కపెట్టుకున్నాడు. చావంటే ఆయనకు అంత భయం లేదు. తన చెయ్యి తనకు తెలియకుండా అబద్ధాలు చెబుతోంది, దాన్ని లోకమంతా నమ్ముతోంది. ఆయన వణికింది దానికి.

వానలు వెలిసిన వారంలో ఒక సాయంత్రం కూతురు వచ్చి పక్కన కూర్చుంది.

"నాన్నా, మా ఆసుపత్రి బండి మూలపడింది. రేపు మన జీపు తీసుకెళ్లనా? పైన నాలుగు పల్లెల పిల్లలున్నారు. ఐసుపెట్టెలో మందు ఎక్కువ రోజులు ఆగదు."

వద్దనడానికి కారణం కావాలి. ఉన్న కారణం చెప్పలేడు, లేని కారణం తోచలేదు. "ఎల్లుండి వెళ్లమ్మా. స్టీరింగు జాయింటు పాతది, మార్చేస్తాను," అన్నాడు. మర్నాడు కూర్చుని జాయింటు మార్చాడు కూడా. ముందు ఎడమ చక్రం లోపలివైపు ఉంటుంది అది. దాన్ని పట్టి ఉంచే నట్టు తలకు కిరీటంలా గాడులుంటాయి. నట్టు బిగించాక, ఆ గాడికీ లోపలి బోల్టు బెజ్జానికీ సూటి కలిపి, అందులోంచి స్ప్లిట్ పిన్ను దూర్చి, దాని రెండు కాళ్లూ విరిచి మడవాలి. అప్పుడు నట్టు తిరగాలన్నా తిరగలేదు. ఆ పిన్ను అగ్గిపుల్లంత ఉంటుంది. అది లేకపోతే దారి గతుకులకు నట్టు మెల్లమెల్లగా తిరిగి ఊడుతుంది. ఊడాక డ్రైవరు చేతిలో స్టీరింగు తిరుగుతూనే ఉంటుంది, చక్రాలు మాత్రం వినవు.

అనుకున్న రోజు పొద్దున ఏడింటికి కూతురు ఐసుపెట్టె వెనక పెట్టుకుని బయల్దేరింది. ఆయన ఆయిలు రెండుసార్లు చూపించాడు. గేటు దాకా వెళ్లి చెయ్యూపాడు. వంగి చూస్తే ఎడమ చక్రం వెనక ఎర్ర చుక్క కనిపించింది. కాస్త ప్రాణం కుదుటపడింది.

ఏడుంబావుకు భార్య బట్టలు నానబెడుతూ కేకేసింది. "మీ పని చొక్కా జేబులు చూసుకోండి. మొన్న బకెట్లో నట్టు దొరికింది."

మేకుకు వేలాడుతున్న చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. గుడ్డపీలిక. పెన్సిలు ముక్క. వాటి అడుగున సన్నగా, గట్టిగా ఏదో తగిలింది. తీశాడు. కొత్త స్ప్లిట్ పిన్ను. కాళ్లు రెండూ తిన్నగా, మడత పడకుండా, తళతళలాడుతూ ఉంది.

ఆయన కొన్నది ఒక్కటే పిన్ను. అది ఇక్కడుందంటే అక్కడ లేదు. పరుగున షెడ్డుకు వెళ్లి పాత సామాన్ల డబ్బా నేల మీద గుమ్మరించాడు. పాత పిన్ను ఉంది, తుప్పు పట్టి విరిగి. ఇంకోటి లేదు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. నిన్న ఏం చేశాడు? నట్టు బిగించాడు. గాడికీ బెజ్జానికీ సూటి కుదరలేదు. ఇంకాస్త లాగాలంటే పానాకు గొట్టం తొడగాలి. పిన్ను జేబులో వేసుకుని గొట్టం కోసం లేచాడు. ఆ తర్వాత? ఆ తర్వాత ఏమీ లేదు. ఎంత తవ్వినా ఏమీ లేదు. మళ్లీ గుర్తొచ్చేది గోళ్ల రంగు సీసా మూత బిగిస్తున్న తన వేళ్లే.

ఫోను తీశాడు. ఊరి చివర సందులో ఆసుపత్రి ఆయమ్మను ఎక్కించుకుంటానంది పిల్ల. ఆ సందు దాటితే సిగ్నల్ ఉండదు. రెండు రింగులకే ఎత్తింది.

"చెప్పు నాన్నా. ఆయమ్మ కోసం ఆపాను, ఇదిగో ఎక్కుతోంది."

బండి ఆగి ఉంది. ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచాడు.

"అమ్మా... ఆయిలు చూశావా?"

"పొద్దున నువ్వే రెండుసార్లు చూపించావుగా! ఏం, ఏమైనా ఉందా?"

ఉంది. నాలిక చివర ఉంది. జేబులో పిన్ను ఉంది, నా బుర్ర పాడైపోయింది, దిగి పక్కకు జరుగు అని చెప్పాలి. చెప్పగానే ఐదు నెలలుగా దాచిందంతా ఒక్కసారిగా బయటపడుతుంది. "ఏం లేదు," అన్నాడు. ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. "ఊరికే. మెల్లగా వెళ్లు."

"నీ బండికేం నాన్నా, మహారాణిలా పోతోంది. ఉంటాను మరి." పెట్టేసింది.

ఛీ, ఏం మనిషి! కన్నకూతురి ప్రాణం ఒకవైపు, తన చేతి పరువు ఒకవైపు పెట్టి, అర నిమిషం పాటు పరువువైపు మొగ్గాడు. అర నిమిషమే. పెట్టేసిన ఫోను చేతిలో ఉండగానే తెలివి తెచ్చుకున్నాడు. మళ్లీ చేశాడు. రింగు కాలేదు. పది నిమిషాలు మళ్లీ, మళ్లీ చేశాడు. అందుబాటులో లేరని గొంతు ఒకటి మర్యాదగా చెబుతోంది.

ఇంట్లోకి వెళ్లేసరికి భార్య మిషను మీద స్కూలు చొక్కాల కాలర్లు కుడుతోంది. ఆయన ఎదురుగా నిలబడి పిన్ను చూపించాడు. మిషను ఆగింది.

"ఏమిటిది?"

"స్టీరింగు పిన్ను. బండిలో ఉండాలి."

"మరి మీ దగ్గరుందేం?"

"పెట్టలేదు. పెట్టాననుకున్నాను. ఈ మధ్య నాకు... చేసిందీ చెయ్యనిదీ తేడా తెలియడం లేదు. ఐదు నెలల్నుంచి. చుక్క పెడుతున్నాను. నట్టు బిగిస్తున్నానో లేదో తెలియడం లేదు."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాడు. జాలిపడుతుందనుకున్నాడు. ఆవిడ లేచిన ఊపుకు స్టూలు వెనక్కి పడింది.

"ఐదు నెలలా? ఐదు నెలలు కడుపులో దాచుకుని, నా పిల్లను కొండ ఎక్కించారా?" చేతిలోని కత్తెర మిషను మీద పడేసింది. "తర్వాత చెబుతాను మీ సంగతి. ముందు అటవీ గేటుకు ఫోన్ చెయ్యండి. గోడ మీద నంబరు రాసుంది, చూడండి, అక్కడ!"

మిషను పైన గోడ మీద పెన్సిలుతో రాసిన నంబరు. కొండ మొదట్లో అటవీ గేటు ఉంది, అక్కడ తీగ ఫోను ఉంది. కూతురు పైకి వెళ్లిన ప్రతిసారీ అక్కడి నుంచే తల్లికి చేస్తుంది. నంబరు ఆయన కళ్లకు అలుక్కుపోయింది. ఆవిడే అంకెలు చదివింది. ఆయన నొక్కాడు. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు.

"గేటు. ఎవరండీ?"

"బాబూ, నర్సమ్మ జీపు వచ్చిందా? పాత జీపు, ఆకుపచ్చది."

"వచ్చిందండీ. పుస్తకంలో సంతకం పెట్టేసింది. గేటు ఎత్తేశాను, వెళ్తోంది."

"ఆపు!" అని అరిచాడు. "పోనివ్వకు, ఆపు! ఆ బండి మెకానిక్కును నేను. స్టీరింగుకు పిన్ను పెట్టడం మర్చిపోయాను. నేనే మర్చిపోయాను. ఆపు నాయనా, నీకు దండం పెడతాను!"

ఫోను బల్ల మీద పడ్డ చప్పుడు. తర్వాత పరుగు. తర్వాత ఈల. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి పొడుగ్గా, దూరంగా. తర్వాత ఏమీ వినిపించలేదు. భార్య ఆయన చెవికి తన చెవి ఆనించి నిలబడింది. ఆ గేటు దాటాక దారికి ఒకవైపు రాయి, రెండోవైపు ఖాళీ. ఆ దారిలో తిరిగిన బస్సులన్నిటికీ చుక్కలు పెట్టినవాడు కాబట్టి ఏ మలుపు దగ్గర ఎంత లోతో ఆయనకు తెలుసు. తెలియకపోయినా బాగుండేది.

"నాన్నా?" అని వినిపించేసరికి నేల మీద కూర్చుండిపోయాడు.

"ఏమైంది నాన్నా? ఈయనేమిటో బండికి అడ్డంగా వచ్చి పడ్డాడు."

"తల్లీ, బండి కింద చూడు. ముందు ఎడమ చక్రం లోపల. కొత్త జాయింటు."

ఆమె వెళ్లింది. వచ్చింది. గొంతులో నవ్వు. "చూశాను నాన్నా. చుక్క ఉంది. ఎర్రగా కనబడుతూనే ఉంది. నువ్వు పెట్టాక ఇంకేం భయం?"

"చుక్కను చూడకమ్మా," అన్నాడు. "నా చుక్కను నమ్మకు. పిన్ను ఉందా? నట్టు చేత్తో పట్టుకుని చూడు."

ఈసారి ఆమె రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక గొంతులో నవ్వు లేదు. "పిన్ను లేదు నాన్నా. నట్టు చివరికొచ్చేసింది. ఇంకో రెండు చుట్లు ఉందేమో. చుక్క సగం అక్కడుంది, సగం ఇక్కడుంది."

మొదటి బస్సు పట్టుకుని ఇద్దరూ వెళ్లారు. పిన్ను ఆవిడ ఆయనకు ఇవ్వలేదు. గుప్పిట్లో పెట్టుకుని, గుప్పిటను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బస్సు దిగేటప్పుడు మాత్రం ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ అరచేతిలో పిన్ను అచ్చు పడి ఎర్రగా ఉంది.

గేటు పక్కన జీపు నిలబడి ఉంది, చక్రాల వెనక రాళ్లతో. ఆయన చాప పరుచుకుని కిందికి దూరాడు. కూతురు రెండోవైపు నుంచి దూరింది. ఆయన పానా పట్టుకున్నాడు గానీ అది నట్టు మీద నిలవలేదు. రెండుసార్లు జారి ఇనుముకు కొట్టుకుంది.

"ఇటివ్వు నాన్నా. నువ్వు చెప్పు, నేను చేస్తాను."

ఇచ్చాడు. ఆమె బిగించింది. గాడికీ బెజ్జానికీ సూటి కుదరలేదు. నట్టును కొంచెం వెనక్కి తిప్పబోయింది.

"వదులు చెయ్యకు," అన్నాడు వెంటనే. "సూటి కోసం ఎప్పుడూ వదులు చెయ్యకూడదు. ఇంకాస్త బిగించే కలపాలి. గొట్టం తొడుగు."

గొట్టం తొడిగి లాగింది. సూటి కలిసింది. తల్లి బయటి నుంచి పిన్ను అందించింది. దూర్చి, కాళ్లు విరిచి, ఒకటి ఇటూ ఒకటి అటూ మడిచింది. ఆయన వేలితో తడిమి చూశాడు. అలవాటు కొద్దీ చెయ్యి జేబులోకి పోయి గోళ్ల రంగు సీసా తీసింది. మూత తిప్పబోయి ఆగిపోయాడు. సీసాను మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

ఇద్దరూ బండి కింద పక్కపక్కనే వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఆమె ఆయనవైపు చూడకుండా అడిగింది.

"పొద్దున ఆయిలు చూశావా అని ఫోన్ చేశావే. అప్పటికే నీకు తెలుసా?"

అబద్ధం చెప్పవచ్చు. నమ్ముతుంది కూడా.

"తెలుసు," అన్నాడు.

ఆమె తండ్రి కూతురే, కోపం వస్తే నోరు కట్టేసుకునే రకం. కోటు జేబులోంచి నీలం మార్కరు తీసి, నట్టు మీంచి ఇనుము మీదికి గీత గీసింది. పసిపిల్లల గోళ్ల మీద గీసేలాంటిదే. కిందినుంచి జారి బయటికొచ్చి మోకాళ్లు దులుపుకుంది.

"నువ్వు దగ్గరుండి చూశావుగా. ఇప్పుడు పైకి వెళ్లొచ్చా?"

వద్దనాలని ఆయన ఒంట్లో ప్రతి నరమూ లాగింది. "వెళ్లొచ్చు," అన్నాడు.

ఐసుపెట్టెతో, ఆయమ్మతో జీపు పైకి వెళ్లిపోయింది. చప్పుడు వినిపించినంతసేపూ ఆయన గేటు కర్ర పట్టుకుని నిలబడ్డాడు, తర్వాతా నిలబడ్డాడు. సాయంత్రం ఐదింటికి బండి మలుపు తిరిగి కనిపించేదాకా ఆ కర్ర వదల్లేదు. గేటాయన కుర్చీ తెచ్చి వేశాడు. అందులో కూర్చోలేదు.

మర్నాడు పొద్దున కూతురు డ్యూటీకి వెళ్లేముందు షెడ్డు వైపు ఒకసారి చూసి వెళ్లింది. మాట్లాడలేదు. ఆమెకు వారమో, పది రోజులో పడుతుంది. ఆయన థిన్నరు డబ్బా, పాత బనీను గుడ్డ తీసుకుని బండి కింద దూరాడు. తన చుక్కలను ఒక్కొక్కటిగా తుడిచేయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి గుడ్డంతా ఎర్రబడింది, నట్లన్నీ బోసిపోయాయి. నీలం గీత ఒక్కటి మిగిలింది.

భార్య మిషను ఆపేసి వచ్చింది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, చాప మీద పక్కనే కూర్చుంది. ఆవిడ ఇంకా మామూలుగా మాట్లాడడం లేదు. చెయ్యి మాత్రం చాచింది. ఆయన సీసా ఇచ్చాడు. గోడ మీంచి ఒక పానా తీసి అదీ ఇచ్చాడు. ఎలా పట్టుకోవాలో, ఎటు లాగాలో చూపించాడు. చూపించడంలో ఆయనకు తడబాటు లేదు.

మొదటి నట్టు లాగి, "బిగించాను," అన్నాడు. ఆవిడ పానా పెట్టి లాగింది. కదల్లేదు. చుక్క పెట్టింది. రెండోది. మూడోది. ఆవిడ చుక్కలు కాస్త పెద్దవి, అయినా పరవాలేదు. వరస అలా సాగుతుంటే, ఐదు నెలల్లో మొదటిసారి ఆయన ఊపిరి మామూలుగా ఆడింది.

పదకొండో నట్టు దగ్గర, "బిగించాను," అన్నాడు.

ఆవిడ పానా పెట్టి లాగింది. పానా దానంతటదే తిరిగినట్టు తేలిగ్గా తిరిగింది. సగం చుట్టు.

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ ఒక్క క్షణం కళ్లు దించుకుంది. తర్వాత పానా ఆయన చేతికే ఇచ్చింది.

"బిగించలేదండీ. ఇప్పుడు బిగించండి," అంది.

బిగించాడు. ఆవిడ లాగి చూసింది. అప్పుడు మూత తిప్పి చుక్క పెట్టింది.